నేపియర్ ఎత్తు సరే, కింది ఆకు సంగతేంటి?

సూపర్ నేపియర్ అనే పశుగ్రాసం వీడియోలన్నీ ఒకేలా ఉంటాయి. మనిషి గడ్డి పక్కన నిలబడి చెయ్యి పైకెత్తుతాడు, కొస ఇంకా అందదు, కింద వందల కామెంట్లు. అదే కెమెరాను కాస్త దించితే మోకాలి ఎత్తు దాకా పండి, ఎండి వేలాడే ఆకులు కనిపిస్తాయి. వాటిని చూడగానే మనకు గుర్తొచ్చేది ఇంకో బస్తా యూరియా.

నిజంగా నత్రజని చాలకపోయినా ముందు పండేది కింది ఆకులే, కాదనను. కానీ పై ఆకులు ముదురాకుపచ్చగా నిగనిగలాడుతూ, లోపలివి మాత్రమే పండుతున్నాయంటే కరువు ఎరువుకి కాదు, వెలుతురుకి.

ఆకులోని నత్రజనిలో దాదాపు ముప్పాతిక వంతు ఎండను పట్టి ఆహారం వండే హరితరేణువుల్లోనే ఉంటుంది. పైరు గుబురెక్కాక ఎండంతా పైన రెండు మూడు వరసలే మింగేస్తాయి. ముఖ్యంగా ఎరుపు కాంతి కిందికి దిగదు. చీకట్లో పడ్డ ఆకులో అంత సరుకు ఉంచి మొక్కకు లాభమేంటి? అందుకే అక్కడి ప్రోటీన్‌ను విడగొట్టి నత్రజనిని పైకి, కొత్త ఆకులకు పంపిస్తుంది. పైగా ఎత్తు పెరిగేకొద్దీ నిలబడటానికి కాండం కావాలి, కాండంలో పీచే ఎక్కువ. ఈ రెండూ కలిసి మేతను పలచన చేస్తాయి.

ఈ పలచబడటాన్ని ఫ్రాన్స్‌లో లెమేర్, సాలెట్ అనే శాస్త్రవేత్తలు 1984లోనే గడ్డి పైర్లకు లెక్కగట్టారు. తర్వాత జొన్న, మొక్కజొన్న తరహా పైర్లకు (నేపియర్ కూడా ఆ తరహాదే) వేసిన లెక్క ప్రకారం హెక్టారుకు, తడి తీసేసిన బరువులో, ఒక టన్ను మేత ఉన్నప్పుడు పైరుకి 3.6 శాతం నత్రజని కావాలి, అదే 8 టన్నులకు చేరేసరికి సుమారు 1.8 శాతంతోనే సరిపోతుంది. అంటే ఎరువులో ఏ లోటూ చేయకపోయినా మేతలో బలం, అంటే ప్రోటీన్ శాతం, సగానికి పడిపోతుంది! టన్నులు చూసి మురిసిపోయే ముందు ఒక దుబ్బు కోసి, ఆకు ఎంత, కాండం ఎంత విడిగా తూచి చూడండి. నా లెక్కలో మొదటి కోత తర్వాత 45 రోజులకొకసారి కోయడం, 70 రోజులు ఆగి ఇంకో బస్తా చల్లడం కన్నా నయం.

చెట్టు నీడ కథ మాత్రం వేరు. కొబ్బరి తోటలో పెంచే గినీ గడ్డి మొత్తం నీడలోనే ఉంటుంది, బరువు తగ్గుతుంది, కానీ పెరుగుదల మందగించడం వల్ల ఉన్న నత్రజని అంతగా పలచబడదు, శాతం చూస్తే ఎండలో గడ్డి కంటే ఎక్కువే ఉండొచ్చు. నత్రజని తక్కువున్న నేలలో, నీలగిరి చెట్ల నీడన బహియా అనే మేత గడ్డి దిగుబడి కూడా పెరిగిందని ఆస్ట్రేలియాలో 1990లో తేల్చారు. నీడన నేల తడి ఆరక, అందులోని సూక్ష్మజీవులు ఎక్కువ నత్రజనిని విడుదల చేయడమే కారణమట. చెట్టు కింద మేతలో పస ఉండదని మన ఊళ్లలో కొట్టిపారేస్తారు గానీ, తగ్గితే తగ్గేది మోపుల లెక్కే.

అయితే ఆ నత్రజని శాతమంతా ప్రోటీనే అనుకోకూడదు. వేర్లు నేల నుంచి నత్రజనిని పీల్చుకునే రూపమైన నైట్రేట్‌ను ప్రోటీన్‌గా మార్చడానికి వెలుతురు కావాలి. యూరియా చల్లాక నాలుగు రోజులు ముసురు పట్టిందనుకోండి, నైట్రేట్ అలాగే మిగిలిపోతుంది, అదీ కాండం అడుగున ఎక్కువ. ఆ గడ్డిని వెంటనే కోసి ఆకలిగా ఉన్న గేదె ముందు వేస్తే ప్రాణం మీదికి రావచ్చు. నాలుగు రోజులు ఎండ కాశాక, మొదలు కాస్త ఎత్తుగా వదిలి కోసి, ఎండుమేతతో కలిపి పెట్టండి.