ఆ గంటన్నర

మా మామగారు ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఏ కాగితం చేతికిచ్చినా ముందు అంకెలను పలకరించి, తర్వాతే అక్షరాల జోలికి వెళ్తారు. దుబాయ్‌లో ఉన్న చిన్నకూతురు విమానం టిక్కెట్టు పంపితే, దాన్ని వెనక్కి తిప్పి భాగహారం మొదలుపెట్టారు.

శంషాబాద్‌లో ఉదయం 10.00కి బయలుదేరి, దుబాయ్‌లో 12.20కి దిగుతుందని టిక్కెట్టు. మధ్య దూరం సుమారు 2,550 కిలోమీటర్లు. “గంటకు 1,090 పైచిలుకు!” అని సాయంత్రానికల్లా మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌తో సహా అందరికీ చెప్పేశారు. విమానం ఎగిరే ఎత్తులో శబ్దమే గంటకు 1,070 కిలోమీటర్లు దాటదు. అంత వేగంతో పరుగెత్తిన కాంకార్డ్ 2003లోనే మూలపడింది. మామగారు మాత్రం తన చప్పుడు కన్నా ముందే దుబాయ్ చేరబోతున్నారు.

ఊరుకోలేకపోయాను. వంటింట్లోంచి నిమ్మకాయ తెచ్చి, దాని మీద పెన్నుతో గీతలు గీసి చూపించాను. భూమి ఒక డిగ్రీ తిరగడానికి నాలుగు నిమిషాలు. మన గడియారాలు కాకినాడ దాపున పోయే 82½ డిగ్రీల రేఖాంశాన్ని నమ్ముకున్నాయి, దుబాయ్ గడియారాలు 60 డిగ్రీలను. తేడా 22½, నాలుగుతో గుణిస్తే 90 నిమిషాలు. కనుక అసలు ప్రయాణం 3 గంటల 50 నిమిషాలు.

ఆయన ఓపిగ్గా విన్నారు. “ఈ పాఠం పిల్లలకు ఏటా నేనే చెప్పేవాణ్ణి బాబూ. లెక్క ఇచ్చేవాడు ఆ గంటన్నర కూడా ఇవ్వాలి కదా!” అన్నారు. నిమ్మకాయను మా ఆవిడ పులిహోరలో పిండేసింది.

నెల తర్వాత తిరుగు ప్రయాణం. దుబాయ్‌లో రాత్రి 9.50కి బయలుదేరి, హైదరాబాద్‌లో తెల్లవారుజామున 2.50కి దిగాలి. వచ్చేటప్పుడు పడమటి గాలి వెనక నుంచి తోస్తుంది కాబట్టి మూడున్నర గంటలే పడుతుంది. టిక్కెట్టు మీద చూస్తే మాత్రం ఐదు గంటలు.

“రెండింటికైనా బయలుదేరరా?” అంది మా ఆవిడ.

“అది దుబాయ్ సమయం. గంటన్నర కలుపు, 4.20. బయటికి రావడానికి మరో నలభై నిమిషాలు. ఐదింటికి అక్కడ ఉంటే చాలు, పడుకో” అన్నాను. ఎక్కడ దిగితే అక్కడి సమయమే టిక్కెట్టు మీద వేస్తారని నిమ్మకాయ సాక్షిగా బోధించినవాణ్ణి నేనే.

సరిగ్గా ఐదింటికి చేరాను. జనమంతా వెళ్లిపోయారు. ఒక స్తంభం పక్కన, ట్రాలీ మీది పెట్టెకు ఆనుకుని మామగారు. ఫోనులో ఛార్జింగ్ లేదు. చేతి గడియారం మాత్రం ఠంచనుగా ఐదు చూపిస్తోంది. నెల రోజుల ముచ్చటకు ముల్లు తిప్పడమెందుకని దుబాయ్‌లో దాన్ని మార్చనే లేదట. ఒళ్లో విప్పిన ఖర్జూరం డబ్బా. పక్కన పరిచిన కాగితం మీద ఆరేసి చొప్పున మూడు వరుసల్లో గింజలు.

“మామయ్యగారూ, మీరు దిగి...”

“దిగిన సంగతి వదిలేయండి. బయటికొచ్చాక ఐదు నిమిషాలకొకటి తిన్నాను బాబూ” అంటూ గింజలు పొట్లం కట్టి నా చేతిలో పెట్టారు. “కాకినాడ ఇంకా అక్కడే ఉందా?”