సెట్టింగ్స్‌లో చివరి లైన్లో నివసించే కలర్ బ్లైండ్ మోడ్ గారికి

అయ్యా,

కొన్ని రంగుల తేడా సరిగా తెలియని మాలాంటి వాళ్ళ కోసం వీడియో గేముల్లో పెట్టిన సెట్టింగు కదా మీరు, ముందు మీ అడ్రస్ సంగతి. కొత్త ఆట ఇన్‌స్టాల్ చేయగానే ఏ భాష కావాలో అడుగుతారు, సౌండ్ ఎంతుండాలో అడుగుతారు, బ్రైట్‌నెస్ కోసం ఒక బొమ్మ చూపించి కనబడీ కనబడనట్టు ఉండేలా జరపమంటారు, మైక్ పర్మిషన్, లొకేషన్ పర్మిషన్, చివరికి ఆట మొదలవకముందే స్టార్టర్ ప్యాక్ కొంటారా అని కూడా అడుగుతారు. మీ ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. మ్యాచ్ మొదలై, ఎవరు మనవాళ్ళో ఎవరు కాదో తెలీక సొంత టీమ్ మీదే గ్రెనేడ్ పడి, హెడ్‌సెట్‌లో హిందీ, తెలుగు, ఉర్దూ కలిపి తిట్లు తిన్నాక ఎవడో ఒక పుణ్యాత్ముడు "సెట్టింగ్స్‌లో ఏదో ఉంటది చూడు భయ్యా" అంటాడు. అప్పుడు డిస్‌ప్లే దాటి, అడ్వాన్స్‌డ్ దాటి, కిందికి, ఇంకా కిందికి స్క్రోల్ చేస్తే మీ దర్శనం.

దర్శనమయ్యాక మీరు వేసే ప్రశ్న ఇంకా గొప్పది. ప్రొటానోపియానా, డ్యూటెరనోపియానా, ట్రైటానోపియానా? మాకేం తెలుసు సార్! ఉద్యోగం ముందు చేసే మెడికల్ టెస్టులో ఆ చుక్కల పుస్తకం, అదే 1917లో జపాన్ డాక్టర్ ఇషిహారా తెచ్చినది, ముందు పెట్టి అంకె చదవమంటారు. మాకు చుక్కలు కనిపిస్తాయి, అంకె కనిపించదు. డాక్టరు గారు ఫారం మీద ఏదో గీకి "కలర్ బ్లైండ్, నెక్స్ట్" అంటారు. ఏ రకమో ఆయన చెప్పరు, బయట లైన్ చూస్తే మనకీ అడిగే ధైర్యం ఉండదు. పైగా మీ మెనూలోని మూడు పేర్లూ కంట్లో రంగుల్ని గుర్తుపట్టే కోన్ కణాల్లో ఒక రకం అసలు పనిచేయని వాళ్ళవి. మాలో ఎక్కువమందికి అంత లేదు, ఆకుపచ్చని పట్టుకోవాల్సిన కోన్లు కాస్త పక్కకి జరిగి ఎరుపు కోన్లకి దగ్గరగా ట్యూన్ అయ్యాయి, అంతే. దాని పేరు డ్యూటెరనోమలీ. అన్నిటికంటే ఎక్కువమందికి ఉండేది అదే, మీ లిస్టులో చాలాసార్లు లేనిదీ అదే.

మేం ఎంతమందిమి అంటారా? యూరప్ మూలాలున్న మగవాళ్ళలో ఇంచుమించు 12 మందికి ఒకరు, ఆడవాళ్ళలో 200 మందికి ఒకరు. మన దగ్గర అంతకంటే తక్కువే, కానీ మన జనాభాలో తక్కువ అంటే ఎంతో మీరే లెక్కేసుకోండి. ఎరుపు, ఆకుపచ్చ కోన్ల జన్యువులు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటాయి, మగాళ్ళకి ఉండేది ఒకటే ఎక్స్, అదీ అమ్మ దగ్గర్నుంచి వచ్చేది. మేనమామ పోలిక అని ఇంట్లో అందరూ మురిసిపోతారు కదా, ఆ పోలికలో ఇది కూడా ఒక భాగం. మా మామయ్య మామిడికాయ పండిందో లేదో నొక్కి చూస్తాడు, రంగు చూడడు. ఆటలో శత్రువుని నొక్కి చూడలేం, అదీ మా ఇబ్బంది.

సరే, ఏదో ఒకటి నొక్కాం. మీరు చేసే పనేంటి? స్క్రీన్ మొత్తానికి ఒక రంగు పూత. ఆకాశం మారిపోతుంది, గడ్డి మారిపోతుంది, పాపం బాగానే కనబడుతున్న హీరో ముఖం కామెర్లొచ్చినట్టు అవుతుంది, శత్రువు నెత్తిమీది చుక్క మాత్రం ఎప్పట్లాగే చెట్టులో కలిసిపోయి ఉంటుంది. తాళంచెవి పోయిందని చెబితే ఇల్లంతా సున్నం కొట్టించినట్టుంది మీ సాయం. ఇంకొన్ని ఆటల్లో అయితే మరీ విచిత్రం, మాలాంటి వాళ్ళకి లోకం ఎలా కనబడుతుందో మామూలు కళ్ళవాళ్ళకి చూపించే సిమ్యులేషన్‌ని తెచ్చి, అదే పరిష్కారమని మాకు పెట్టారు. మాకు ఎలా కనబడుతుందో మాకు తెలుసు సార్, పుట్టిన దగ్గర్నుంచీ అదే చూస్తున్నాం.

అసలు నొప్పి ఆటలో దొరికిన సామాను దోచుకునే దగ్గర ఉంది. తుపాకీలు, కవచాలు దొరికినప్పుడు వాటి విలువ రంగుతో చెప్పడం ఒక ఆచారమైపోయింది: ఆకుపచ్చ అంటే పర్లేదు, నీలం అంటే బాగుంది, పర్పుల్ అంటే ఎత్తుకుపో, బంగారం రంగు అంటే పండగ. ఎరుపు సరిగా తెలియని కంటికి పర్పుల్‌లోంచి ఎరుపు తీసేస్తే మిగిలేది నీలమే. అంటే పండగకి ముందురోజుకీ మామూలు మంగళవారానికీ మాకు తేడా లేదు. మా గ్యాంగ్‌లో ఒకడు కూకట్‌పల్లిలో వాళ్ళ మేడ మీద కూర్చుని "ఆ పర్పుల్‌ది తీస్కోరా, పర్పుల్‌ది!" అని గొంతు చించుకుంటాడు, నేను ఇక్కడ రెండు నీలం తుపాకీల మధ్య నిలబడి చుట్టూ బుల్లెట్లు పడుతుంటే న్యాయమూర్తిలా ఆలోచిస్తూ ఉంటాను. దాని కింద చిన్న అక్షరాలతో పేరో, నాలుగు నక్షత్రాలో పెడితే ఎవరి సొమ్ము పోతుంది? ఇక హెల్త్ తగ్గుతోందని నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద ముదురు ఎరుపుతో రాసే హెచ్చరిక ఉంది చూశారా, ఎరుపే నల్లగా కనబడే వాళ్ళకి అది హెచ్చరిక కాదు, చచ్చిపోయాక వచ్చే సంతాప సందేశం.

మీరు లేకుండానే బాగుపడ్డ ఆటలున్నాయి తెలుసా? అమీర్‌పేటలో మెట్రో ఎక్కి రాయదుర్గం దాకా క్యాండీ క్రష్ ఆడుకుంటూ వెళ్ళే ఆంటీల ఫోన్లలోకి ఓసారి తొంగి చూడండి (మర్యాదగా). అందులో ఎర్రది గింజ ఆకారం, ఆకుపచ్చది చదరం, పర్పుల్‌ది గుత్తి. రంగు తీసేసినా ఆట ఆగదు. మనలో దొంగెవరో ఓటేసి పట్టుకునే అమాంగ్ అస్ ఆట 2020లో అందరూ ఇళ్ళల్లో కూర్చున్నప్పుడు ఊపేసింది కదా, అందులో వైర్లు కలిపే పని మాకు నరకం, తర్వాత ఆ వైర్ల చివర్లకి చిన్న గుర్తులు పెట్టారు, అంతే, గొడవ వదిలింది. ("రెడ్డే దొంగ" అన్నప్పుడు ఎవరి మీద ఓటెయ్యాలో మాత్రం ఇప్పటికీ పక్కవాణ్ణి చూసి వేస్తాను, ఎన్నికల్లో చాలామంది అలాగే చేస్తారు కాబట్టి పెద్దగా బాధ లేదు.) ఓవర్‌వాచ్ అనే షూటింగ్ ఆటలో శత్రువు రంగు, మనవాళ్ళ రంగు మనమే ఎంచుకోవచ్చు. ఊనో కార్డులకి కూడా 2017లో వాటి కంపెనీ మాటెల్ వాళ్ళు ప్రతి రంగుకీ ఒక గుర్తు వేసి అమ్మారు. అంతదాకా ఎందుకు, మన పేకముక్కలే చూడండి. ఆఠీను, డైమను రెండూ ఎరుపే, కళావరు, ఇస్పేటు రెండూ నలుపే, అయినా ఎవరైనా తికమక పడ్డారా? మొత్తం ఒకే సిరాతో అచ్చేసినా రమ్మీ ఆగదు, డబ్బులు పోవడమూ ఆగదు.

వెబ్‌సైట్లకి అయితే సమాచారం ఒక్క రంగు మీదే ఆధారపడకూడదని 1999లోనే వెబ్ ప్రమాణాలు తయారుచేసే డబ్ల్యూ3సీ సంస్థ వాళ్ళు మార్గదర్శకాల్లో రాశారు. మన ప్రభుత్వం కూడా 2020లో నిబంధనలు మార్చి, కలర్ బ్లైండ్‌నెస్ కొద్దిగానో, మధ్యరకంగానో ఉన్నవాళ్ళకి డ్రైవింగ్ లైసెన్స్ ఇవ్వొచ్చంది. అంటే నేను సాయంత్రం ఆరింటికి పంజాగుట్ట ఫ్లైఓవర్ మీద నిజం కారు నడపొచ్చు, రాత్రి ఇంటికొచ్చి ఫోన్లో ఉత్తుత్తి కారు నడపడానికి మాత్రం పనికిరాను. సిగ్నల్ దగ్గర నాకేం ఇబ్బంది లేదు, పైన వెలిగితే ఆగడం, కింద వెలిగితే పోవడం. మెట్రోలో ఎర్ర లైనూ, పచ్చ లైనూ పోయి పోయి ఎంజీబీఎస్ స్టేషన్‌లోనే కలుస్తాయి, నాలాంటి వాడికి పరీక్ష పెట్టడానికే అన్నట్టు, అయినా ఇంతవరకూ తప్పిపోలేదు, ఎందుకంటే బోర్డు మీద ఎల్‌బీ నగర్ అనీ, జేబీఎస్ అనీ రాసి ఉంటుంది.

మిమ్మల్ని తయారుచేసేవాళ్ళు గచ్చిబౌలిలోనో మాదాపూర్‌లోనో ఉంటే ఒక మాట చెప్పండి. "రెడ్ అయితే పాప్ అవుతుంది బ్రో" అని మీటింగ్‌లో ఎవరైనా అనగానే, ఆ స్క్రీన్‌షాట్‌ని గ్యాలరీలో నలుపు తెలుపు చేసి చూడమనండి. మాకు లోకం నలుపు తెలుపుగా కనబడుతుందని కాదు (పెళ్ళిళ్ళలో నా చొక్కా చూపించి ఇదేం రంగు అని అడిగేవాళ్ళకి వేరే ఉత్తరం రాస్తున్నా). ఆ బొమ్మలో శత్రువెవరో, మందు సీసా ఏదో తెలిస్తే చాలావరకు మాకూ తెలుస్తుంది, తెలియకపోతే ఒక త్రికోణమో, గీతో, అక్షరమో పెట్టాలి. ఆట మొత్తం తయారై, పోస్టర్లు కూడా పడ్డాక పెట్టమంటే అందరికీ తలనొప్పి, అందుకే చివర్లో మిమ్మల్ని అతికించి, అప్‌డేట్‌లో ఏం మారిందో చెప్పే ప్యాచ్ నోట్స్‌లో "కలర్ బ్లైండ్ మోడ్ చేర్చాం" అని ఒక లైన్ రాసి చప్పట్లు కొట్టించుకుంటారు.

ఇంకో సంగతి, ఇది మీకు తెలుసో లేదో. మొన్న ఒక ఆటలో, పేరెందుకులెండి, గురి చూసే గుర్తు రంగు మార్చుకునే వీలుందని తెలిసి ఆనందంగా నొక్కాను. ప్రీమియం పాస్ కొంటేనే తెరుచుకుంటుందట, 'నియాన్ స్టైల్ ప్యాక్' అట. మా వాళ్ళకి స్టైల్, నాకు కళ్ళు. పైకి మీరూ ఆ ప్యాకూ ఒకే మెనూలో ఇరుగుపొరుగు, కాస్త మాట్లాడి నాకు డిస్కౌంట్ అయినా ఇప్పించండి, కుదరకపోతే ఓటీపీ వచ్చేలోపు చెప్పండి.

ఇట్లు,
పర్పుల్ తుపాకీ ఇంకా దొరకని ఒక ప్లేయర్
హైదరాబాద్