మిషిగన్ మంచుకి భీమవరం నిపుణులు

మంచులో కారు ఎలా నడపాలో నేర్చుకోవడానికి మిషిగనో మినసోటానో వెళ్లనక్కర్లేదు. భీమవరం, పాలకొల్లు, అమలాపురం, వీటిలో ఏ ఊళ్లోనైనా జనవరి సాయంత్రం టీకొట్టు దగ్గర ఓ అరగంట నిలబడితే చాలు. పిల్లలు అమెరికాలోనో కెనడాలోనో ఉన్న పెద్దమనుషులు నలుగురు చేరారంటే రొయ్య కౌంటు రేటు అయిపోగానే వచ్చే టాపిక్ స్నోనే. ఐసు ఫ్యాక్టరీలో తప్ప జన్మలో ఎక్కడా గడ్డకట్టిన నీళ్లు చూడని వీళ్లకి ఆ సబ్జెక్టు మీద ఉన్న పట్టు చూస్తే నిజంగా ముచ్చటేస్తుంది.

"బ్లాక్ ఐస్ అంటే నల్లగా ఉంటుందనుకుంటారండి, అస్సలు కాదు. అది కనపడదు, దాని కింద రోడ్డు కనపడుద్ది, అదీ ప్రమాదం, ఆయ్" అంటారొకాయన. ఇంకొకాయన అందుకుని, వంతెనకి పైనా కిందా కూడా చల్లగాలే తగులుతుంది కాబట్టి మామూలు రోడ్డు కంటే ముందు అదే గడ్డకడుతుందని వివరిస్తారు. చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉన్న కారులో, ఉన్నట్టుండి ఆపాల్సొస్తే బ్రేకు గట్టిగా తొక్కి అలాగే ఉంచాలి, తొక్కుతూ వదులుతూ ఉండకూడదు. 7 డిగ్రీల కంటే తగ్గితే మామూలు టైర్ల రబ్బరు బిగుసుకుపోతుంది, వింటర్ టైర్లు వేయించాలి. మంచులో కారు ఇరుక్కుంటే ఇంజను ఆన్ చేసి కూర్చునే ముందు పొగగొట్టం చుట్టూ మంచు తీసేయాలి, లేకపోతే కార్బన్ మోనాక్సైడ్ లోపలికొస్తుంది. డిక్కీలో దుప్పటి, పార, ఇసుక. అన్నీ కరెక్టే, నేను సరిచూశాను కూడా. ఫోన్లో వాతావరణం యాప్ తెరిస్తే వీళ్లకి ముందు డెట్రాయిటే వస్తుంది, ఉన్న ఊరు దాని తర్వాతే.

ఈ పాఠమంతా అయ్యాక ఆ బ్లాక్ ఐస్ ఆయన బండి తీస్తారు. హెల్మెట్ ఉంటుంది, అద్దానికి వేలాడుతూ. అది తల మీద లేకపోతే వెయ్యి రూపాయలు ఫైను అని తెలుసు, పోలీసులు ఏ సెంటర్లో ఉంటారో కూడా తెలుసు. ముందు మేత బస్తా, వెనక పక్కకి తిరిగి కూర్చున్న భార్య, చెవికీ భుజానికీ మధ్య ఫోను. ఆ ఫోనులో కొడుక్కి "ముందు బండికి దూరంగా ఉండు నాన్నా, ఐసు మీద బండి ఆగడానికి పది రెట్లు దూరం పట్టొచ్చంట" అని చెబుతూ, కాలవ గట్టు మీద గడ్డి ట్రాక్టరు వెనకాల మూరెడు దూరంలో వెళ్తుంటారు. గడ్డి ఆయన మొహానికి తగులుతుంటుంది.

మన డెల్టాకి ఐసు లేదని ఎవరన్నారు? చెరువులు తవ్విన మట్టి టిప్పర్లలోంచి రోడ్డు మీద జారుతుంది, ఎండకి పొడవుతుంది, తొలి చినుకు పడగానే జిగురు బురదవుతుంది. దాని మీద బ్రేకు వేసి చూడండి, మినసోటా వాళ్లకేం తీసిపోం. మలుపుకి ముందే వేగం తగ్గించు, స్టీరింగు ఒక్కసారిగా తిప్పకు, బ్రేకు కుమ్మకు అని కొడుక్కి చెప్పినవన్నీ ఇక్కడా అక్షరాలా పనికొస్తాయి. కానీ అవి ఎగుమతి సరుకు. సార్వాకీ దాళ్వాకీ సగం రోడ్డు ధాన్యమే, చుట్టూ హద్దురాళ్లు, రాత్రయితే పైన నల్ల బరకం. ధాన్యం మిల్లుకి వెళ్లిపోయాక కూడా రాళ్లు మాత్రం అక్కడే ఉంటాయి, వచ్చే పంటకి రిజర్వేషన్ అన్నమాట.

కాలవల సంగతి వేరే చెప్పాలి. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేశాక తవ్విన కాలవలు ఇప్పటికీ ఎక్కడివక్కడే ఉన్నాయి, ఒక్క అడుగు రోడ్డు మీదికి జరిగిన దాఖలా లేదు. అయినా కారు పడిన ప్రతిసారీ అందరం కాలవనే అడ్డమొచ్చినట్టు తిడతాం. పిట్టగోడ కట్టమని అడగడానికి మనకింకా టైం దొరకలేదు.

ఇక పనిచోటు. అక్కడ కొడుకు ఆఫీసు పార్కింగులో ఉప్పు చల్లుతారు, జేబుల్లో చేతులు పెట్టుకోకుండా పెంగ్విన్ లాగా చిన్న చిన్న అడుగులు వేయమంటారు, జారి పడబోయి తమాయించుకున్నా సరే కాగితం మీద రాసివ్వమంటారు. ఇక్కడా తృటిలో తప్పినవి నమోదవుతాయండీ, గుళ్లో, కొబ్బరికాయతో. మళ్లీ జరగకుండా ఏం చేశారంటే, ఇంకో కాయ మొక్కుకున్నారు. మిల్లుల్లో అయితే మార్చి 4న జాతీయ భద్రతా దినోత్సవం పేరుతో జెండా, ప్రతిజ్ఞ, హెల్మెట్లతో గ్రూప్ ఫోటో ఉంటాయి. 5వ తారీకున హెల్మెట్లు గోడౌన్లో పెట్టి తాళం వేస్తారు, పోతాయని.

రొయ్యల చెరువు దగ్గర ఆ ఫోటో కూడా ఉండదు. వెదురు కర్రకి కట్టిన మోటారు స్టార్టరు, అతుకులేసిన వైరు, అది నీళ్లలోంచి, చెరువులో గాలి కలిపే ఏరియేటరు దాకా. అర్ధరాత్రి కరెంటు పోయి వస్తే ఆక్సిజన్ తగ్గి రొయ్య తేలుతుందన్న టెన్షన్‌లో తడికాళ్లతో వెళ్లి బటన్ నొక్కడమే. ఎర్త్ వైరు ఏదండీ అంటే "ఉండేదండీ, ఎలకలు కొట్టేశాయి" అంటారు. రొయ్యకి ఏ రోజు ఏ మందు వేశారో మాత్రం పుస్తకంలో రాసుంటుంది.

మా వైపు ఒకాయన కూతురు టొరంటోలో ఉంటుంది. వీడియో కాల్లో "నాన్నా, ఆ స్టార్టరు ఒకసారి చూపించు" అంది. ఆయన కెమెరా కొబ్బరిచెట్ల వైపు తిప్పి, "ఈ ఏడు కాపు బావుందమ్మా" అన్నారు. ఆ పిల్ల వదల్లేదు, ఉత్తికాళ్లతో తిరగొద్దని లావు అడుగున్న స్నో బూట్లు పంపింది. అవి కరెంటుని ఆపుతాయన్న నమ్మకం నాకు లేదు, ఆ డబ్బుతో కరెంటు లీకైతే దానంతటదే సరఫరా ఆపేసే ఈఎల్‌సీబీ స్విచ్చి పెట్టించుకుంటే నయం. బూట్లు మాత్రం బీరువాలో భద్రంగా ఉన్నాయి. వాడరేమండీ అని అడిగాను. "అంత ఖరీదైనవి బురదలో వేస్తారా ఎవరైనా" అని నన్నే కోప్పడ్డారు.