సీసాలోని పులస గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ పులస గారికి,
మ్యూజియం గది, మూడో బీరువా, పై అర.

ఉభయకుశలోపరి. అంటే, నా మట్టుకు నేను కుశలమే. తమరు పది శాతం ఫార్మలిన్‌లో ఏళ్ళ తరబడి ఒకే వయసులో ఉన్నారు కాబట్టి అడగక్కర్లేదు.

పుస్తెలమ్మైనా పులస తినాలనే చోట గోదారెక్కి, ఎవరి పులుసులోకీ పోకుండా ఫిషరీస్ పీజీ ప్రాక్టికల్స్‌కి పనికొచ్చిన త్యాగమూర్తులు తమరు. రాజమండ్రి వాళ్ళెవరైనా ఈ స్థితిలో చూశారంటే ముందు మా హెచ్‌ఓడీని తిడతారు. వెండి మెరుపంతా పోయి తడిసిన అట్టముక్క రంగుకొచ్చేశారు మరి. అయినా విలువేం తగ్గలేదు లెండి. తమర్ని గుర్తుపడితే పది మార్కులు.

వైవా రోజున పైదవడ మధ్యలో గాటు చూపించాను. పొట్ట కింద రంపంలా ఉండే స్కూట్లు, అంటే గట్టి పొలుసులు, 30 నుంచి 33 దాకా ఉంటాయని చెప్పి, లెక్కపెట్టి మరీ చూపించాను. తమరి శాస్త్రీయ నామం, పెట్టినాయన పేరు, పెట్టిన ఏడు కలిపి టెన్యులోసా ఇలీషా, హామిల్టన్, 1822 అని గడగడా అప్పజెప్పాను. ఎక్స్‌టర్నల్ గారు కళ్ళజోడు సవరించుకుని, "హామిల్టన్‌కి బ్రాకెట్లుంటాయా, ఉండవా?" అన్నారు. ఉంటాయండీ, ఆయన వేరే జీనస్‌లో పెట్టారు, తర్వాతివాళ్ళు మార్చారు, అందుకని ఉంటాయండీ అన్నాను. గదిలో ఉన్నవాళ్ళంతా తృప్తిగా తలూపారు. తమరసలు గోదారి ఎందుకెక్కుతారు, ధవళేశ్వరం దగ్గర ఎందుకాగిపోతారు అన్నది ఎవరికీ పట్టలేదు. 1852లో పూర్తయిన ఆనకట్ట సివిల్ ఇంజనీరింగ్ వాళ్ళ సిలబస్ కాబోలు.

ఆ బ్రాకెట్ల బలంతోనే ఆకివీడు వైపు ఓ రొయ్యల చెరువు గట్టెక్కాను. మన దేశంలో వనామీ రకం రొయ్య పెంపకానికి 2009లోనే అనుమతి వచ్చినా మా నోట్సు ఇంకా టైగర్ రొయ్య దగ్గరే ఉంది, అది వేరే సంగతి. రొయ్యలు మేత తిన్నదీ లేనిదీ చూసే చెక్ ట్రేని రైతు పైకి లాగాడు. తెల్లటి దారాల్లా రెట్టలు తేలుతున్నాయి.

"ఏవండీ, పిల్ల వదిలి ఎనభై రోజులైందండి. వంద కౌంట్ దగ్గరే, కేజీకి వంద రొయ్యలు తూగే సైజులోనే కూర్చుందండి. మేత తింటందండి, ఎదగట్లేదండి."

రొయ్యని ఎదగనివ్వని ఈహెచ్‌పీ అనే సూక్ష్మజీవి అయ్యుండొచ్చు, పీసీఆర్ టెస్ట్ చేయించండి, అదే అయితే మందు లేదండి, ఉన్న రొయ్యల్ని పట్టుబడి చేసేసుకుని, చెరువు ఎండగట్టి, సున్నం వేసి, ఈసారి సీడ్ టెస్ట్ చేయించాకే వదలండి అన్నాను. ఇన్నేళ్ళ చదువులో నా నోటి నుంచి వచ్చిన పనికొచ్చే మాట అదొక్కటే. రైతు నావైపు జాలిగా చూశాడు.

"మందు లేదని చెప్పడానికి ఇంత చదువెందుకండీ?"

వెంటనే మందుల షాపు కుర్రాడికి ఫోన్ కొట్టాడు. ఇంటర్ తప్పిన ఆ కుర్రాడు బండి మీద మూడు డబ్బాలు తెచ్చాడు. ఒకటి మేతలోకి, ఒకటి నీళ్ళలోకి, ఒకటి ఫ్రీ. డబ్బులు పట్టుబడికి ఇవ్వొచ్చట. సైన్సుకి అరువు పెట్టే సౌకర్యం లేదు, ఏం చేస్తాం!

తమరు సముద్రం చూసినవారు కనుక, ఓషనోగ్రఫీ చదివిన మా రూమ్మేట్ గురించి కూడా చెప్పాలి. 1950లలో లఫాండ్ అనే అమెరికా ఆయన ఆంధ్రా యూనివర్సిటీకొచ్చి, విద్యార్థుల్ని నేవీ ఓడలెక్కించి బంగాళాఖాతం కొలిపించారు. మావాడు రెండేళ్ళలో ఎక్కింది ఒకే ఒక్క బోటు. మధ్యాహ్నానికల్లా అది ఒడ్డుకొచ్చేసింది, అంతసేపూ వాడి చేతిలో ఉన్నది వాంతి బకెట్టే. థీసిస్ మాత్రం బంగాళాఖాతం ఉపరితల ఉష్ణోగ్రతల మీద. డేటా శాటిలైట్‌ది, వైఫై హాస్టల్‌ది. సముద్రం లేని హైదరాబాద్‌లో కూర్చుని ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ వాళ్ళు చేపలెక్కడ దొరుకుతాయో మత్స్యకారులకి చెబుతున్నారు, ఆ పని బాగానే చేస్తున్నారు కూడా. అది చూశాక మావాడికి ధైర్యమొచ్చింది. వాంతులు లేని ఓషనోగ్రఫీ కూడా ఉందని.

ఇక నేనంటారా, బ్యాంకుల్లో అగ్రికల్చర్ ఫీల్డ్ ఆఫీసర్ పరీక్షకి చదువుతున్నాను. ఫిషరీస్ డిగ్రీ చెల్లుతుంది దానికి. మా సీనియర్ ఒకాయన అలాగే చేరి, లోన్ల కోసం గేదెల చెవి ట్యాగులు సరిచూస్తున్నారు. రొయ్యల చెరువుకి లోను అడిగితే మాత్రం ఇవ్వనంటున్నారు. ఎంఎఫ్‌ఎస్సీలో, అంటే ఫిషరీస్ పీజీలో, ఆయన థీసిస్ ఈహెచ్‌పీ మీదే.

ఇట్లు,
తమరి స్కూట్లు లెక్కపెట్టిన విధేయుడు