కుందేళ్ల తగాదాలో నెగ్గిన గోల్ఫ్ మైదానం

స్కాట్లాండ్ తూర్పు తీరంలో ఉన్న సెయింట్ ఆండ్రూస్ చిన్న పట్టణమే అయినా, అక్కడి ఓల్డ్ కోర్స్ పేరు వినని గోల్ఫ్ ఆటగాడు ఉండడు. ఆ మైదానం గురించి రాసేవారు సాధారణంగా విజేతల పేర్లతో మొదలుపెడతారు. దాని చరిత్రను ఒక భూమి తగాదాగా చదివితేనే అది ఇన్నాళ్లు ఎలా నిలిచిందో తెలుస్తుందని నా అభిప్రాయం.

సముద్రానికీ సాగుభూములకూ నడుమ, ఇసుక దిబ్బల మీద పచ్చిక మొలిచిన ఆ నేలను స్థానికులు లింక్స్ అంటారు. అది దున్నకానికి పనికిరాని నేల, దాదాపు మన ఊళ్లలోని పోరంబోకు బీడు వంటిది. 1552లో ఆర్చిబిషప్ జాన్ హామిల్టన్ అక్కడ కుందేళ్లు పెంచుకునేందుకు పత్రం రాయించుకున్నప్పుడు, పశువులను మేపుకోవడానికీ, గడ్డిపెళ్లలు తవ్వుకోవడానికీ, గోల్ఫ్, ఫుట్‌బాల్ ఆడుకోవడానికీ ఊరివారికి ఉన్న హక్కును అందులోనే అంగీకరించాడు. ఆటను మేతతో సమానంగా ఒక హక్కుగా రాసుకున్న ఊరు అది!

గోల్ఫ్ ఆడే పెద్దమనుషుల సంఘం ఏర్పడింది ఆ తర్వాత రెండు వందల ఏళ్లకు, 1754లో. బంతిని కొట్టడం మొదలుపెట్టే చోటు నుంచి అది పడాల్సిన గుంత దాకా ఉండే ఒక్కో భాగాన్ని హోల్ అంటారు. పదేళ్లకు, చిన్నవిగా ఉన్న మొదటి నాలుగు హోల్స్‌ను రెండుగా కలిపారు. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ అవే హోల్స్ ఆడేవారు కాబట్టి 22 కాస్తా 18 అయింది. ఇప్పుడు ప్రపంచమంతా పాటిస్తున్న లెక్క వెనుక ఉన్నది సిద్ధాంతమేమీ కాదు, ఈ సర్దుబాటే.

అసలు గండం 1797లో వచ్చింది. అప్పుల్లో మునిగిన పట్టణ పాలకమండలి లింక్స్‌ను అమ్ముకుంది. కొద్దికాలానికే అది కుందేళ్ల వ్యాపారుల చేతికి చిక్కింది. బొరియలతో నేలంతా గుల్లవుతుంటే ఊరివారు, ఆటగాళ్లు కోర్టుకెక్కారు, కుందేళ్లను చంపే హక్కు కోసం కూడా వాదించారు. 1821లో పొరుగు భూస్వామి జేమ్స్ చీప్ ఆ నేలను కొని ఆటకు వదిలిపెట్టడంతో రెండు దశాబ్దాల రగడ చల్లారింది. 1894 నాటి పార్లమెంటు చట్టంతో అది తిరిగి పట్టణానికి దక్కింది. 1974 చట్టం నిర్వహణను ఒక ట్రస్టుకు అప్పగించింది.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటుంది. మొదటి హోల్ వెనుక దర్జాగా నిలబడి ఉండే రాయల్ అండ్ ఏన్షియంట్ క్లబ్‌కు (1754 నాటి ఆ సంఘమే తర్వాత ఈ పేరు పెట్టుకుంది) ఈ మైదానం మీద యాజమాన్యం లేదు. 2014 దాకా స్త్రీలకు సభ్యత్వమే ఇవ్వని ఆ క్లబ్‌దే నేల కూడా అయ్యుంటే, కథ మన నగరాల్లోని మైదానాల మాదిరిగానే ప్రహరీ గోడ దగ్గర ముగిసేదేమో. అక్కడ మాత్రం మొదటి, చివరి హోల్స్‌ను అడ్డంగా కోస్తూ ప్రజల దారి ఒకటి సాగుతుంది, బాటసారులు దాటేదాకా ఆటగాళ్లు ఆగుతారు. పెద్ద పోటీలు లేని ఆదివారాల్లో ఆట పూర్తిగా ఆపేస్తారు. ఆ రోజు ఆ పచ్చిక మీద ఊరివారు తమ కుక్కలను తిప్పుకుంటారు.