జాంబీలు వస్తే ముందు తెరవాల్సింది సాంఘిక శాస్త్రం పుస్తకమే

2011 మే నెలలో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం సీడీసీ తన వెబ్‌సైట్‌లో ఒక వ్యాసం పెట్టింది. చచ్చి లేచి తిరుగుతూ, కాటుతో ఇతరులనూ తమలా మార్చేసే సినిమా కథల జాంబీల దాడికి ఎలా సిద్ధపడాలన్నది దాని విషయం. నీళ్లు, పాడవని ఆహారం, మందులు, బ్యాటరీతో నడిచే రేడియో, ముఖ్యమైన పత్రాలు దగ్గర పెట్టుకోండి, ఇంట్లో వాళ్లు చెల్లాచెదురైతే ఎక్కడ కలుసుకోవాలో ముందే అనుకోండి అని అందులో చెప్పారు. చదవడానికి ఎగబడిన జనం తాకిడికి సర్వర్ కుప్పకూలింది. తుపానుకు సిద్ధం కండని ఏళ్ల తరబడి చెబుతున్నా పెడచెవిన పెట్టినవాళ్లు జాంబీ అనగానే చెవి ఒగ్గారు. ఆ జాబితాలో తుపాకి లేదు. కలుసుకునే చోటు మాత్రం ఉంది.

మనకు అలవాటైన జాంబీ కథ ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. అందులో ఒంటరి వీరుడు ఉంటాడు, చేతిలో గొడ్డలి ఉంటుంది, వెనక నగరం తగలబడుతుంటుంది. నిజంగా అలాంటి ఉపద్రవమే వస్తే మొదటి రెండు రోజులు కాళ్ల సత్తువ, అదృష్టం కాపాడవచ్చు. మూడో రోజు నుంచి మనిషికి మనుషులతోనే పని. గేటు ఎవరికి తెరవాలి? నీళ్లు ఎవరు పంచాలి? చనిపోయినవాళ్లను ఏం చేయాలి? ఎవరి మాట నమ్మాలి? చరిత్ర, భూగోళం, పౌరశాస్త్రం, అర్థశాస్త్రం శతాబ్దాలుగా తలమునకలై ఉన్నది ఈ ప్రశ్నలతోనే. పరీక్షకు ముందు రాత్రి బట్టీ పట్టి, మర్నాడు మరిచిపోయే సబ్జెక్టుగా వీటిని చూడటం మనం చేసుకుంటున్న పెద్ద నష్టం.

గణితం ఈ విషయాన్ని పట్టించుకోలేదని కాదు. 2009లో కెనడా పరిశోధకులు జాంబీల వ్యాప్తికి ఒక గణిత నమూనా తయారుచేశారు. అందరినీ విడిగా ఉంచినా, మందు కనిపెట్టినా సరిపోదని, వెంటనే, పదేపదే, అంతకంతకూ బలంగా ఎదుర్కొంటేనే మానవజాతి నిలుస్తుందని తేల్చారు. మంచి పరిశోధనే. అయితే భయపడి తలుపులు బిగించుకున్న వేల మందిని వెంటనే ఒక్కతాటి మీదికి ఎవరు తేవాలి, వాళ్లు ఎందుకు రావాలి అన్నది ఆ సమీకరణాల్లో లేదు.

ముందుగా భూగోళం సంగతి చూద్దాం. 2004 డిసెంబర్ 26న థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ తీరంలో టిల్లీ స్మిత్ అనే పదేళ్ల బ్రిటిష్ బాలిక కుటుంబంతో కలిసి నడుస్తోంది. సముద్రపు నీరు నురగలు కక్కుతూ తీరు మార్చుకోవడం గమనించింది. రెండు వారాల ముందే తరగతిలో భూగోళం టీచరు సునామీ లక్షణాలు చెప్పారు. ఆ పిల్ల పెట్టిన గోలతో తీరంలో ఉన్న సుమారు వంద మంది ఖాళీ చేసి బతికిపోయారు. ఇండోనేషియాలోని సిమెలూ ద్వీపంలో అదే రోజు జరిగింది ఇంకా గొప్ప సంగతి. భూకంప కేంద్రానికి అతి దగ్గరగా ఉన్న ఆ దీవిలో సుమారు 78 వేల మంది ఉంటే చనిపోయింది ఏడుగురే. 1907లో వచ్చిన సునామీని అక్కడివాళ్లు పాటలుగా, కథలుగా పిల్లలకు చెబుతూ వచ్చారు. నేల బలంగా కంపించి సముద్రం వెనక్కి పోతే కొండెక్కాలని అందరికీ తెలుసు. ఇక్కడ చరిత్రనూ భూగోళాన్నీ విడదీయలేం.

జాంబీల కాలంలో పటం చదవగలిగినవాడి విలువ అంతా ఇంతా కాదు. సెల్ టవర్లు ఆగిపోతే ఫోను దారి చూపదు. కాగితం మీద ఒకే ఎత్తున్న చోట్లను కలిపే కాంటూరు రేఖలు చూసి కొండ ఎటు నిటారుగా ఉందో, వాగు ఎటు పారుతుందో, పైన ఏ ఊరి మురుగు అందులో కలుస్తుందో చెప్పగలగాలి. 1854లో లండన్‌లో కలరా చెలరేగినప్పుడు జాన్ స్నో అనే వైద్యుడు చేసింది ఇదే. బ్రాడ్ స్ట్రీట్ చుట్టుపక్కల ఎవరు ఎక్కడ చనిపోయారో లెక్క తీశాడు, తరువాత పటం మీద గుర్తుపెట్టాడు. చావులు ఒక చేతిపంపు చుట్టూ గుమిగూడి కనిపించాయి. దగ్గరలోనే ఉన్న బీరు తయారీ కేంద్రం కార్మికుల్లో మాత్రం ఎవరికీ జబ్బు తీవ్రంగా రాలేదు, వాళ్లు ఆ పంపు నీళ్లు తాగేవారు కాదు. కలరా క్రిమి సంగతి స్నోకు తెలియదు. అయినా పంపు పిడి తీయించగలిగాడు. జాంబీ జబ్బు ఏమిటో శాస్త్రజ్ఞులు తేల్చేదాకా ఆగనక్కరలేదు. అది ఎక్కడెక్కడ, ఎవరిని, ఎప్పుడు పట్టుకుంటోందో జాగ్రత్తగా గుర్తుపెడితే చాలా దూరం వెళ్లవచ్చు.

దీవికి పారిపోతే చాలు అని చాలామంది అనుకుంటారు. 1918 ఇన్‌ఫ్లుయెంజా ఆ నమ్మకాన్ని పరీక్షించింది. పసిఫిక్‌లో సమోవా దీవుల్లో ఒక భాగం న్యూజిలాండ్ సైనిక పాలనలో, మరో భాగం అమెరికా నౌకాదళం చేతిలో ఉండేవి. రెంటికీ మధ్య సముద్రం వంద కిలోమీటర్లయినా లేదు. నవంబర్ 7న ఆక్లాండ్ నుంచి వచ్చిన టలూన్ అనే ఓడను పశ్చిమ సమోవాలో రేవులోకి రానిచ్చారు, రోగులతో సహా ప్రయాణికులు దిగారు. కొద్ది వారాల్లో జనాభాలో అయిదో వంతుకు పైగా తుడిచిపెట్టుకుపోయింది. అమెరికన్ సమోవా గవర్నర్ జాన్ పోయర్ ఓడలను అడ్డుకున్నాడు, స్థానికులు తీరం వెంబడి కాపలా కాశారు. అక్కడ ఒక్కరూ చనిపోలేదు. సముద్రం ఒకటే, జబ్బు ఒకటే. తేడా వచ్చింది పాలనలో, ఆ పాలనకు ప్రజలు ఇచ్చిన సహకారంలో.

నా దృష్టిలో ఈ చర్చకు అసలు కేంద్రం ఆ సహకారమే. దీనికి ఇంగ్లండ్‌లోని ఈమ్ గ్రామాన్ని మించిన పాఠం నాకు తెలియదు. 1665లో లండన్ నుంచి దర్జీ ఇంటికి వచ్చిన గుడ్డల మూటతో ప్లేగు ఆ ఊళ్లో అడుగుపెట్టింది. మరుసటి ఏడాది జూన్‌లో జనం పారిపోవడానికి సిద్ధపడుతుండగా చర్చి ఫాదర్ విలియం మాంపెసన్ ఊరు మొత్తం సరిహద్దు దాటకుండా ఉండిపోవాలని ప్రతిపాదించాడు. ఆయన ఊరికి కొత్త, జనానికి ఆయన మీద గురి లేదు. మత విభేదాల వల్ల అంతకుముందు పదవి పోగొట్టుకున్న థామస్ స్టాన్లీని ఊరు నమ్ముతుంది. మాంపెసన్ ఆయన దగ్గరకు వెళ్లి, కలిసి నిలబడదామని అడిగాడు. ఇద్దరూ పక్కపక్కన నిలబడి చెప్పాక ఊరు ఒప్పుకుంది.

ఆ తర్వాత వాళ్లు చేసుకున్న ఏర్పాట్లు చూడండి. సరిహద్దు రాతికి గుంటలు తొలిచి వాటిలో వెనిగర్ పోసి డబ్బులు వేసేవారు. బయటివాళ్లు సరుకులు అక్కడ పెట్టి నాణేలు తీసుకెళ్లేవారు. దగ్గరి జమీందారు ఆహారం పంపేవాడు. ప్రార్థనలు చర్చిలో మాని ఆరుబయట జరిపారు. శ్మశానానికి తీసుకెళ్లకుండా ఎవరి ఇంటివాళ్లను వాళ్లే పాతిపెట్టుకోవాలని నిర్ణయించారు. ఎలిజబెత్ హాన్‌కాక్ అనే ఇల్లాలు ఎనిమిది రోజుల్లో భర్తనూ ఆరుగురు పిల్లలనూ తన చేతులతోనే పాతిపెట్టింది. మాంపెసన్ భార్య కేథరిన్ కూడా చనిపోయింది. నవంబర్ నాటికి జబ్బు ఆగేసరికి దాదాపు 260 మంది పోయారు. చుట్టుపక్కల ఊళ్లు బతికాయి. అంత త్యాగాన్ని ఎవరి నుంచీ ఆశించే హక్కు మనకు లేదని నాకు అనిపిస్తుంది. అయితే వాళ్లను నిలబెట్టింది బలవంతం కాదు. తిండి వస్తుందన్న భరోసా, నిర్ణయంలో తామూ ఉన్నామన్న ఎరుక, చెప్పినవాళ్లు తమతోపాటే లోపల ఉన్నారన్న నమ్మకం వాళ్లను నిలబెట్టాయి.

దీని పక్కన 2014 ఆగస్టు నాటి పశ్చిమాఫ్రికా దేశం లైబీరియాను పెట్టి చూడాలి. ఎబోలా అనే ప్రాణాంతక అంటువ్యాధి భయంతో ప్రభుత్వం రాజధాని మన్రోవియాలోని వెస్ట్ పాయింట్ అనే పేదల బస్తీని రాత్రికి రాత్రే ముళ్లతీగలు, సైన్యంతో మూసేసింది. లోపలివాళ్లను ఒక్క మాట అడగలేదు. ఘర్షణలు జరిగాయి, కాల్పుల్లో ఒక కుర్రాడు చనిపోయాడు. పది రోజులకే ఆ కట్టడి ఎత్తేయాల్సి వచ్చింది.

ఎబోలా నేర్పిన మరో సంగతి జాంబీల విషయంలో అన్నిటికన్నా ముఖ్యం. ఎందుకంటే జాంబీ కథ మొత్తం మృతదేహం చుట్టూ తిరుగుతుంది. ఎబోలాతో చనిపోయిన మనిషి శరీరం నుంచి జబ్బు చాలా సులువుగా అంటుకుంటుంది. శవాన్ని కడిగి, ముట్టుకుని వీడ్కోలు చెప్పే ఆచారం వల్ల జబ్బు పాకింది. తెల్ల సూట్లు, ముసుగులు వేసుకున్న బృందాలు వచ్చి శవాలను పట్టుకుపోవడం మొదలుపెట్టాయి. మన్రోవియాలో దహనం తప్పనిసరి చేశారు. ఫలితంగా కుటుంబాలు రోగులను దాచిపెట్టాయి, రహస్యంగా పాతిపెట్టాయి. అప్పుడు మానవశాస్త్రవేత్తలు కుటుంబాలతో, మతపెద్దలతో కూర్చుని మాట్లాడారు. దూరం నుంచి ప్రార్థన చేసుకోనివ్వడం, సమాధి తవ్వకంలో పాలుపంచుకోనివ్వడం, సమాధి మీద పేరు ఉంచడం వంటి మార్పులు వచ్చాయి. జనం తమంతట తామే కబురు చేయడం మొదలైంది. తన తల్లి శరీరాన్ని చెత్తలా పారేస్తారని తెలిస్తే ఏ కొడుకూ కాటు గాయాన్ని బయటపెట్టడు. జాంబీల కాలంలో ఒక ఊరిని ముంచడానికి అలా దాచిన గాయం ఒక్కటి చాలు.

విపత్తులో జనం మృగాల్లా మారిపోతారనే నమ్మకాన్ని కూడా ఇక్కడ గట్టిగా ప్రశ్నించాలి. సామాజిక శాస్త్రవేత్త ఎన్రికో క్వారెంటెల్లి దశాబ్దాల పాటు విపత్తులను పరిశీలించి, గుడ్డిగా తొక్కుకుంటూ పరుగెత్తడం చాలా అరుదని, ఇరుగుపొరుగే మొదట సాయానికి వస్తారని చూపించారు. 2005లో కత్రినా తుపాను తర్వాత న్యూ ఆర్లీన్స్ గురించి హత్యలు, అత్యాచారాలు అంటూ వచ్చిన వార్తల్లో చాలావరకు నిరాధారమని తరువాత తేలింది. ఆ వదంతుల వాతావరణంలోనే సెప్టెంబర్ 4న డాన్జిగర్ వంతెన మీద నిరాయుధుల మీద పోలీసులు కాల్పులు జరిపి ఇద్దరిని చంపారు. జనాన్ని చూసి జడుసుకున్న అధికారం జనం కన్నా ప్రమాదకరం కావచ్చు.

1995 జులైలో షికాగో వడగాలులు మరో కోణం చూపాయి. ఆ వారంలో 700 మందికి పైగా అదనంగా చనిపోయారు, ఎక్కువ మంది ఒంటరి వృద్ధులు. ఎరిక్ క్లైనెన్‌బర్గ్ అనే సామాజిక శాస్త్రవేత్త ఆనుకుని ఉన్న రెండు పేద పేటలను పోల్చారు. రెంటిలోనూ ఒంటరి వృద్ధులు చాలామందే ఉన్నారు, మరణాల రేటులో మాత్రం ఎంతో తేడా. వీధిలో దుకాణాలు, జనసంచారం, పలకరింపులు ఉన్న చోట ముసలివాళ్లు గడప దాటి బయటకు వచ్చారు. పక్కింటి మనిషి పేరు తెలియని వీధి జాంబీలను ఎదుర్కోలేదని నేను నమ్మకంగా చెబుతాను.

అర్థశాస్త్రం గురించి క్లుప్తంగా చెబుతాను. రెండో ప్రపంచ యుద్ధంలో ఖైదీల శిబిరంలో గడిపిన ఆర్.ఎ. రాడ్‌ఫర్డ్ 1945లో రాసిన వ్యాసం ప్రకారం అక్కడ సిగరెట్లే డబ్బుగా చలామణీ అయ్యాయి. మంచి సిగరెట్లు కాల్చేసేవారు, నాసిరకం చేతులు మారేవి. సిగరెట్లు తగ్గితే సరుకుల ధరలు పడిపోయేవి. బ్యాంకులు మూతపడినా బేరం ఆగదు. ఉమ్మడి బావిని, అడవిని జనం తమంతట తామే ఎలా కాపాడుకుంటారో అమెరికా రాజనీతి శాస్త్రవేత్త ఎలినార్ ఆస్ట్రమ్ వివరించారు, 2009లో అర్థశాస్త్రంలో నోబెల్ అందుకున్నారు. నియమాలు పాటించేవాళ్లే వాటిని రాసుకోవాలి, కాపలా వాళ్లలోంచే ఉండాలి, మొదటి తప్పుకు శిక్ష చిన్నదిగా మొదలవ్వాలి అని ఆమె గమనించారు. నీళ్లు రెండోసారి తీసుకున్నవాడిని గోడ బయటికి గెంటేసే ఊరు నెల తిరక్కుండా రెండు ముఠాలుగా చీలిపోతుంది.

నాయకుడి ఎంపికకు పౌరశాస్త్రం ఉంది. ప్రాచీన రోమన్లు ఆపత్కాలంలో ఒకే మనిషికి సర్వాధికారాలు ఇచ్చేవారు, గడువు మాత్రం ఆరు నెలలకు మించకుండా. క్రీ.పూ. 44లో జూలియస్ సీజర్‌కు జీవితాంతం ఆ పదవి ఇచ్చారు, రిపబ్లిక్ మళ్లీ కోలుకోలేదు. గోడ లోపలి ఊరికి నాయకుడు అవసరమే. ఆ అధికారం ఏ రోజున ముగుస్తుందో ఇచ్చిన రోజే రాసి అందరి ముందూ చదవాలి.

బడిలో ఈ పాఠాలు ఇలా చెబితే ఎలా ఉంటుందో నాకు స్పష్టంగా కనిపిస్తోంది. తరగతిని జట్లుగా విడదీయాలి. ప్రతి జట్టుకు ఒక ఊరి పటం, రెండు వందల మంది జాబితా, ఒక బావి, ముప్పై రోజుల తిండి ఇవ్వాలి. గేటు బయట కాటు గాయంతో ఒక తల్లి, గాయం లేని పసిబిడ్డ నిలబడి ఉన్నారని చెప్పాలి. లోపలికి ఎవరిని రానివ్వాలి, ఎక్కడ ఉంచాలి, తిండి ఎవరు ఇవ్వాలి, ఈ నిర్ణయం ఎవరిది, అది తప్పనిపిస్తే ఎవరికి చెప్పుకోవాలి అన్నది జట్టు నియమంగా రాసి సంతకాలు చేయాలి. తర్వాత పాత్రలు మార్చి, ఆ నియమం రాసిన జట్టునే గేటు బయట నిలబెట్టి, తాము రాసింది చదివించాలి. మార్చుకునే అవకాశం ఒకసారి ఇవ్వాలి. ఏం మార్చారు, ఎందుకు మార్చారు అన్న జవాబుకే మార్కులు వేయాలి.