రాసినవారి సంతకం ఏదమ్మా?

మా నాన్న నలభై ఏళ్లు దస్తావేజు లేఖరిగా పనిచేశారు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా రేకుల పంచ, చిన్న బల్ల, స్టాంపు కాగితాల కట్ట, సాక్షుల కోసం ఒక బెంచీ. ఆయన లోకం అదే. పోయినసారి మా దగ్గరికి వచ్చినప్పుడు ఆయన్ని వాషింగ్టన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌కు తీసుకెళ్లాను. అమెరికా రాజ్యాంగం అసలు ప్రతి అక్కడ ఉంటుంది. మసక వెలుతురులో, గాజు కింద నాలుగు పెద్ద చర్మపత్రాలు.

అందరూ మొదటి పుట దగ్గర గుమిగూడితే నాన్న నేరుగా నాలుగో పుట దగ్గరికి నడిచారు. కాగితం చేతికొస్తే ముందు చివరి పుట చూడటం ఆయన అలవాటు. ముప్పై తొమ్మిది మంది ప్రతినిధుల సంతకాలు ఓపిగ్గా చూసి, నా వైపు తిరిగి అడిగారు: "సంతకాలు పెట్టినవాళ్లు సరే, రాసినవారి సంతకం ఏదమ్మా?"

మన దస్తావేజుల్లో వ్రాయించి ఇచ్చినవారి సంతకం, సాక్షుల సంతకాలు అయ్యాక, అడుగున "దస్తావేజు వ్రాసినవారు" అని లేఖరి పేరు ఉంటుంది. పొలం ఎకరమైనా, ఇల్లు రెండు గదులైనా ఆ గీత మీద పేరు లేకుండా నాన్న ఏనాడూ కాగితం వదల్లేదు. ఒక దేశం పుట్టిన కాగితం మీద ఆ పేరు లేకపోవడం ఆయనకు కొరుకుడు పడలేదు.

సంతకాలకు ఎడమపక్కన చిన్న అక్షరాల్లో ఏదో ఉంటే చదవమన్నారు. మొదటి పుటలో ఏడు, ఎనిమిది పంక్తుల మధ్య ఒక మాట చేర్చినట్టూ, పదిహేనో పంక్తిలో ఒక మాటను చెరిపినచోట మళ్లీ రాసినట్టూ అందులో ఉంది. నాన్న ముఖం వెలిగిపోయింది. "దిద్దుబాట్లు చివర్లో ఒప్పుకుంటున్నాడు. మా పద్ధతే! చేయి తిరిగిన లేఖరి" అన్నారు.

ఆ లేఖరి పేరు జేకబ్ షాలస్. పెన్సిల్వేనియా శాసనసభలో సహాయ గుమాస్తా. 1787 సెప్టెంబరులో ఆ నాలుగు పుటలూ రాసినందుకు ముట్టిన కూలి 30 డాలర్లు. ఆ అక్షరాలు ఎవరివో 150 ఏళ్ల పాటు జనానికి తెలియదు. 1937లో, రాజ్యాంగానికి నూటయాభై ఏళ్లు నిండే వేళ, ఒక చరిత్రకారుడు పాత లెక్కల కాగితాలు తిరగేసి ఆ పేరు బయటికి తీశాడు. కలం పట్టినవాడి పేరు లోకానికి తెలియడానికి కాగితాలు వెతికేవాడు కావలసి వచ్చింది.

ఇంటికొచ్చాక నాన్న అడిగిన ప్రశ్న మన దేశం వైపు తిరిగింది. "మరి మనది రాసిందెవరు?" అంబేడ్కర్ అని నోటిదాకా వచ్చి ఆగిపోయాను. ఆయన అడుగుతున్నది చేతిరాత సంగతి. నాకు తెలియలేదు. ముప్పై ఏళ్లుగా ఏటా జనవరి 26న జెండా వందనానికి వెళ్తున్నదాన్ని!

మనది చేత్తో రాసినాయన పేరు ప్రేమ్ బిహారీ నారాయణ్ రాయ్‌జాదా. ఢిల్లీవారు. చిన్నప్పుడు తాతగారు రాంప్రసాద్ సక్సేనా దగ్గర చేతిరాత కళ నేర్చుకున్నారు. రాజ్యాంగం ఇంగ్లీషు ప్రతి మొత్తం చేత్తో రాయమని నెహ్రూ పిలిచి, ఎంత తీసుకుంటారని అడిగితే, పైసా వద్దన్నారట. ఒక్కటే కోరారు. ప్రతి పుట మీదా తన పేరు ఉండాలి, చివరి పుటలో తన పేరుతో పాటు తాతగారి పేరూ ఉండాలి. నెహ్రూ ఒప్పుకున్నారు. ఆరు నెలల పాటు పాళీలు మార్చుకుంటూ రాశారు. హిందీ ప్రతి రాసినవారు వసంత్ కృష్ణ వైద్య.

ప్రేమ్ బిహారీ కోరికలో నాకు మన పోతన కనిపిస్తాడు. భాగవతంలో తాను రాసిన స్కంధాల చివర గద్యలో తన పేరుకు ముందు "కేసనమంత్రిపుత్ర" అని తండ్రిని చెప్పుకున్నాడు. ఎవరి చేతి కింద పెరిగి ఈ చేయి ఇలా తిరిగిందో చెప్పడం మన దేశంలో పాత మర్యాద. కాసు వద్దన్న మనిషి తాత పేరు అడిగాడంటే, ఆ పనిని ఆయన ఎంత పెద్దదిగా ఎంచాడో అర్థమవుతుంది.

ఆ ప్రతి మీద బొమ్మలు, అంచులు శాంతినికేతన్ కళాకారులవి. నందలాల్ బోస్ నాయకత్వంలో శిష్యులూ, ఆయన కూతుళ్లూ చేయి కలిపారు. అప్పటికి ఆయనకు అరవై ఏడేళ్లు. 1938లో హరిపుర కాంగ్రెస్ సభల కోసం గాంధీ పిలిస్తే వెళ్లి, డోలు వాయించేవాళ్లనూ వడ్రంగులనూ చెప్పులు కుట్టేవాళ్లనూ మట్టి రంగులతో, ఊళ్లో వాళ్లకు అర్థమయ్యేలా గీసిన చేయి అది. రాజ్యాంగంలో మొహెంజోదారో ఎద్దుతో మొదలుపెట్టి బుద్ధుడు, మహావీరుడు, అశోకుడు, నలందా, మహాబలిపురం శిల్పం, అక్బరు, శివాజీ, టిప్పు సుల్తాన్, ఝాన్సీ లక్ష్మీబాయి, చివరికి హిమాలయాలు, ఎడారి, సముద్రం దాకా ఒక్కో భాగం నెత్తిన ఒక్కో బొమ్మ పెట్టారు. ప్రాథమిక హక్కుల భాగానికి సీతారామలక్ష్మణులు. ఆదేశిక సూత్రాలకు అర్జునుడికి బోధిస్తున్న కృష్ణుడు.

ఒక్క బొమ్మ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. అత్యవసర పరిస్థితి నిబంధనలున్న పద్దెనిమిదో భాగం. ప్రభుత్వం చేతికి అన్నిటికంటే పదునైన అధికారాలు ఇచ్చే పుటలు అవి. దాని మీద ఉన్నది నౌఖాలీలో గాంధీ. మతకల్లోలాలతో కాలిపోయిన ఊళ్లకు శాంతి కోసం వెళ్లిన ముసలాయన. ఏ ఉద్దేశంతో అక్కడ పెట్టారో గానీ, చట్టం ఒక మాట చెబుతుంటే పైనున్న బొమ్మ దానికి తోడు ఇంకో మాట చెబుతున్నట్టు ఉంటుంది. వ్యాఖ్యానాలెన్ని చదివినా ఇది నాకు తట్టలేదు. బొమ్మ చూపించింది.

అసలు ప్రతి ఢిల్లీలో, పార్లమెంటు లైబ్రరీలో, గాలి చొరబడని గాజు పెట్టెలో భద్రంగా ఉంది. ఆ పెట్టె రూపకల్పనలో మన నేషనల్ ఫిజికల్ లేబొరేటరీతో పాటు కాలిఫోర్నియాలోని గెట్టి సంస్థ పాలుపంచుకుంది. డెహ్రాడూన్‌లోని సర్వే ఆఫ్ ఇండియా వేసిన వెయ్యి అచ్చు ప్రతుల్లో ఒకటి ఇక్కడే, వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉంది. దాని పుటలన్నీ ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడొచ్చు. పీఠిక పుట తెరిచి పెద్దది చేసుకుంటూ పోండి. కుడివైపు అడుగు మూలలో దేవనాగరి లిపిలో "రామ్" అని చిన్న సంతకం. ఆ పుట అలంకరించిన జబల్‌పూర్ చిత్రకారుడు బ్యోహార్ రామమనోహర్ సిన్హాది. సంతకాల పుటలో నెహ్రూ మొదట సంతకం పెట్టేసి పైన చోటు వదలకపోతే, అధ్యక్షుడు రాజేంద్రప్రసాద్ పేరు పైన ఇరుకుగా, ఏటవాలుగా ఎక్కింది. ఆ సంతకాల్లో మన రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయిదీ ఉంది. మా పన్నెండేళ్ల అమ్మాయి అది వెతికి పట్టుకుని కేక పెట్టింది.

ఇప్పుడు నేను చెప్పదలచుకున్నది. మన తెలుగు సంఘాల గణతంత్ర దినోత్సవాలు ఎన్నో చూశాను, కొన్నిటికి పనిచేశాను కూడా. జెండా ఎగరేస్తాం, పిల్లలు పాడతారు, తర్వాత గంటన్నర శాలువాలు. విరాళాలిచ్చినవారికి కప్పడం న్యాయమే, వారు లేకపోతే హాలు అద్దె రాదు. సినిమావాళ్లు వస్తే జనం వస్తారు, అదీ నిజమే. కానీ గణతంత్రం పేరున జరిగే సభలో, ఆ గణతంత్రం పుట్టుకను మన కళ్లకు కట్టిన చేతుల పేర్లు ఒక్కసారైనా వినిపించకపోవడం నాకు కష్టంగా ఉంది. మనకు ఆ మర్యాద తెలియదా అంటే, తెలుసు. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో చివరి ప్రసంగం చేస్తూ అంబేడ్కరే ఘనతంతా తనది కాదని చెప్పి, రాజ్యాంగ సలహాదారు బి.ఎన్. రావు పేరూ, ముసాయిదా రాసినవారిలో ముఖ్యుడైన ఎస్.ఎన్. ముఖర్జీ పేరూ పెట్టి చెప్పారు. ముఖర్జీ లేకపోతే ఈ పని ఇంకా ఎన్నో ఏళ్లు పట్టేదన్నారు.

కళాకారులతో పాటు చరిత్రకారులూ ఆ వేదిక మీదికి రావాలి. మనకు ఇక్కడ దగ్గరివారే ఉన్నారు. గ్రాన్విల్ ఆస్టిన్ అనే అమెరికన్, రాజ్యాంగ సభ సభ్యుల్ని కలిసి మాట్లాడి, వాళ్ల కాగితాలు చదివి, 1966లో మన రాజ్యాంగం పుట్టుక మీద పుస్తకం రాశారు. ఈనాటికీ ఆ విషయం చదివేవారు దాన్ని దాటి పోలేరు. భారత ప్రభుత్వం 2011లో పద్మశ్రీ ఇచ్చింది. 2014లో వాషింగ్టన్‌లో పోయారు. అన్నేళ్లు మన ఊళ్లోనే ఉన్న మనిషిని ఒక్కసారి పిలిచి మాట్లాడించుకుని ఉంటే ఎంత బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. ఓర్నిత్ షాని అనే ఇజ్రాయెల్ చరిత్రకారిణి మన మొదటి ఓటర్ల జాబితా ఎలా తయారైందో ఫైళ్లు తవ్వి రాశారు. ఆ జాబితా రాసేటప్పుడు చాలామంది ఆడవాళ్లు "ఫలానావారి భార్యను", "ఫలానావాడి తల్లిని" అని తప్ప సొంత పేరు చెప్పలేదు. అలా పేరు లేక సుమారు 28 లక్షల మంది ఓటు పోయింది. ఇది మన అమ్మమ్మల తరం కథ. యేల్‌లో పాఠాలు చెప్పే రోహిత్ దే, కొత్త రాజ్యాంగం పట్టుకుని కోర్టుకెక్కిన మామూలు మనుషుల కథలు రాశారు. ఇలాంటివారిని మన పిల్లల ముందు కూర్చోబెట్టాలి.

తెలుగువాళ్లం ఈ విషయంలో ఒకసారి చేయి కాల్చుకున్నాం. 1921లో బెజవాడలో గాంధీకి జెండా నమూనా అందించిన పింగళి వెంకయ్య 1963లో పేదరికంలో కన్నుమూశారు. ఆయన పేరున తపాలా బిళ్ల వచ్చింది 2009లో. నందలాల్ బోస్ శిష్యుడు, ఓరుగల్లు ప్రాంతం నుంచి శాంతినికేతన్ వెళ్లి చదువుకున్న కొండపల్లి శేషగిరిరావు బొమ్మలు మన పిల్లల్లో ఎంతమంది చూశారు?

2026 జూలై 4కి అమెరికాకు 250 ఏళ్లు. ఊరూరా ప్రదర్శనలు పెడతారు, పాత కాగితాలు బయటికి తీస్తారు. వాటికి మన పిల్లల్ని తీసుకెళ్దాం. అదే ఊపులో వచ్చే జనవరి 26కి మనం చేయగలిగింది చెబుతాను. రాజ్యాంగం బొమ్మలు ఇరవై రెండూ పెద్ద సైజులో అచ్చు వేయించి హాలు గోడల వెంట పెడదాం. ఒక్కో బొమ్మ కింద వివరం పిల్లలే తెలుగులో రాయాలి. సన్మానాల్లో ఒక శాలువా ఏటా ఒక చరిత్రకారుడికో చిత్రకారుడికో ఉంచుదాం. శాలువాతో పాటు, ఆర్కైవ్స్‌లో పనిచేసే విద్యార్థి ఒకరికి ప్రయాణపు ఖర్చులు ఇద్దాం. మా సంఘం కార్యవర్గానికి ఇదంతా ఉత్తరంగా రాసి, ఈసారికి పదిహేను నిమిషాల సమయం అడిగాను.

ఇక్కడి నుంచి వెళ్లే ముందు నాన్న ఆ రాజ్యాంగం పుటల్లో ఒకటి ప్రింటు తీయించుకున్నారు. ఊళ్లో తన దగ్గర పని నేర్చుకున్న కుర్రాళ్లకు చూపిస్తారట. పీఠిక ఇవ్వబోతే వద్దన్నారు. ప్రేమ్ బిహారీ పేరు, పక్కన తాతగారి పేరు ఉన్న చివరి పుటే కావాలన్నారు.